పైడిరాజు పాత సరుకు

కొత్త రబ్బరు పేరెత్తితే పైడిరాజుకు ఒళ్లు మంట.

భీమిలి ఒడ్డున ఎల్లాజీ షెడ్డులో బోటు ఇంజన్ల పని నేర్చుకున్నవాడు అతను. ఆ బోట్ల చిన్న ఇంజన్ అడుగున ఒక రబ్బరు చక్రం ఉంటుంది. అది తిరుగుతూ సముద్రపు నీళ్లు పైకి లాగి ఇంజన్‌ను చల్లబరుస్తుంది. చక్రం సరిగ్గా తిరుగుతున్నంతసేపూ ఇంజన్ పక్కనుంచి సన్నగా నీళ్ల ధార పడుతుంది. ధార ఆగితే ఇంజన్ కాలిపోయేలోగా ఆపేయాలి. ఆపాక ఇక సముద్రం దయ.

కిందటి నెల జాలరి దానేసు బోటుకు అదే జరిగింది. పైడిరాజు కొత్తగా వేసిన చక్రం రెక్కలు తెగిపోయాయి. ఇంకో బోటువాళ్లు చూసి తాడు కట్టి లాక్కొచ్చారు కాబట్టి ప్రాణం దక్కింది. దానేసు పెళ్లాం ముత్యాలు ఒడ్డున అందరి ముందూ పైడిరాజును దులిపేసింది. ఆ రోజు పైడిరాజుకు అన్నం సయించలేదు. నన్నడిగితే అందులో అతని తప్పేమీ లేదు, వచ్చే సరుకే అలా ఉంది.

పైడిరాజు దగ్గర ఒక డబ్బా ఉంది. అందులో పాత ఇంజన్ల కాలంలో కొన్న చక్రాలున్నాయి, చుట్టిన కాగితం కూడా విప్పలేదు. ఎవరడిగినా లేవని చెప్పి దాచుకున్నాడు. ఈసారి వాటిలో ఒకటి తీసి దానేసు ఇంజన్‌కు బిగించాడు.

ఎల్లాజీ చూశాడు.

"ఏటిరా, పాతదేసినావా?"

"పాతదే గురువుగారూ. ఆ చక్రం ఏస్తే ఏళ్లకేళ్లు మళ్లీ ఇప్పే పనుండేది కాదని మీరే కదా అన్నారు?"

"అన్నాను."

"మరేటి? కొత్తదేసి ఇంకోసారి దానేసు ప్రాణం మీదికి తెమ్మంటారా? నాను తియ్యను. ఇది పోయిందా, మీ షెడ్డులో అడుగెట్టను!"

ముసలాయన లుంగీ ఎగగట్టి నీళ్లవైపు నడిచాడు.

ఆ షెడ్డుకు ఒక పద్ధతి ఉంది. ఇంజన్ విప్పినవాడే ఆ బోటును ఒంటరిగా అల దాటించి తేవాలి. ఆ తర్వాతే బోటు సొంతదారు ఎక్కుతాడు. ఆ రోజు ఎల్లాజీ కూడా ఎక్కి కూర్చున్నాడు.

"మీకెందుకు గురువుగారూ?"

"నీ చక్రం మీద నీకు నమ్మకం లేదేటి?"

"ఉంది!"

"అయితే నడుపు."

ధార చక్కగా పడింది. పైడిరాజు ధారనూ గురువునూ మార్చి మార్చి చూశాడు. అలలు దాటాక ఇంజన్ వేగం బాగా పెంచాడు. ఇంతటి సంతోషం అతనికి ఈ మధ్య కలగలేదు.

అప్పుడు ధార సన్నబడింది. చుక్కలు చుక్కలుగా పడి, ఆగిపోయింది.

నాచు అడ్డుపడిందేమో అనుకున్నాడు. కాలిన వాసన వచ్చేదాకా అలాగే అనుకున్నాడు. ఎల్లాజీ మాత్రం అటువైపు చూడను కూడా చూడలేదు. చివరికి పైడిరాజే తన చేత్తో ఇంజన్ ఆపేశాడు.

ఇద్దరూ చెరో తెడ్డు పట్టుకున్నారు. ఆ వయసులో గురువు చేత తెడ్డు వేయించినందుకు పైడిరాజు సిగ్గుతో చచ్చిపోయాడు.

ఒడ్డున ఇంజన్ విప్పితే చక్రం రెక్కలు ముక్కలై రాలాయి. ఒక ముక్కను వేళ్ల మధ్య నొక్కాడు. అప్పడంలా విరిగింది.

ఎల్లాజీ షెడ్డులోకి వెళ్లి కొత్త చక్రం తెచ్చి అతని చేతిలో పెట్టాడు.

"ఇది బిగించు. దానేసు ఏటకెళ్లాలి."

"బిగిస్తాను. నాను మాత్రం లోపలికి రాను."

మాటంటే మాటే. మండే ఎండలో, ఇసుక మీద గోనె పరుచుకుని కూర్చున్నాడు పైడిరాజు. కొత్త చక్రం బిగించి, బోటును ఒంటరిగా అల దాటించి తెచ్చి, దానేసుకు అప్పగించాడు. తర్వాత షెడ్డు బయటే నిలబడి లోపలికి గట్టిగా అరిచాడు.

"అయినా చెప్తన్నాను గురువుగారూ! ఎవులేటన్నా ఆ పాత రబ్బరే మంచిది!"

"మంచిదేరా" అన్నాడు ఎల్లాజీ లోపల్నుంచి. "అది మంచిగా ఉన్నన్నాళ్లూ నువ్వు దాన్ని నీళ్లు ముట్టనియ్యలేదు."