నిలువెత్తు బెల్లం

"రోగానికి తూకం లేదు. నా వైద్యశాలలో బక్కవాడికీ లావుపాటివాడికీ ఒకటే మందు, ఒకటే మర్యాద."

పట్టాభిషేకం నాడు రాజు అన్న మాట ఇది. వైద్యశాల గడప పక్కన రాతి మీద చెక్కించారు కూడా. మూడేళ్ళు తిరక్కుండానే ఆ రాతి ముందు పెద్ద త్రాసు వెలిసింది. రోగి ఒక తట్టలో కూర్చోవాలి. రెండో తట్టలో తన నిలువెత్తు బెల్లం పెట్టాలి. తట్టలు సమమైతేనే లోపలికి పోనిస్తారు.

రాజుగారి గానుగలో పొద్దంతా కూర్చుని చెరుకు అందించే మనిషి ఒకతె ఉండేది. పల్లపు చేలన్నీ చెరుకుకు పోయి గింజలు కరువయ్యాక ఆమె కూలి బెల్లం దిమ్మల్లోకి మారింది. ఉన్నదే తిన్నది. ఒళ్ళొచ్చింది, వెనకాలే తీపి జబ్బు వచ్చింది, ఎడమకాలి పుండు మానలేదు.

పక్కింటామెకు రాళ్ళగట్టు మీద జానెడు జొన్నచేను ఉంది. అక్కడ చెరుకు బతకదు గనక రాజు వదిలేశాడు. తెల్లారి ఆమె గట్టెక్కే అడుగుల చప్పుడు వింటే చాలు, గానుగామెకు కడుపు మండేది. ఆ సన్నటి మడమలు చూసి పళ్ళు కొరికేది. నిరుడు ఇద్దరికీ ఒకే జ్వరం, ఒకే కషాయం. పక్కింటామెకు నాలుగు దిమ్మలతో తేలింది. తనకు తొమ్మిదయ్యాయి.

"అమావాస్యలోగా మందు పడకపోతే కాలు తీసెయ్యాలి," అన్నాడు వైద్యుడు ఈసారి, గడప లోపలి నుంచే పుండు చూసి.

గానుగామె పది దిమ్మలు బండికెత్తింది.

"నేను తోస్తాలే వదినా," అంది పక్కింటామె.

"తోస్తావు, నీకేం! గాలికి ఎగిరేదానివి."

త్రాసు దగ్గర తూనికవాడు ఇకిలించాడు. "మెల్లగా ఎక్కమ్మా, తాళ్ళు కొత్తవి. నోరు కట్టుకుంటే ఇంత ఖర్చుండేదా?"

"నోరు కట్టుకుంటే కూలి ఎక్కడ పెట్టుకోను నాయనా?"

దిమ్మలు ఒక్కొక్కటే ఎదుటి తట్టలో పడుతున్నాయి. తొమ్మిదో దాని మీద ఆమె చూపు ఆగిపోయింది. దాని మీద మెలికల గాజు గుర్తు. నిరుడు ఇక్కడే జ్వరంతో తూలి, ఎండకు మెత్తబడ్డ దిమ్మ మీద చెయ్యి ఆనించింది. అదే గాజు ఇప్పుడూ చేతికుంది.

"ఇది నేనిచ్చేసిన దిమ్మ! మొన్న కూలి కింద మళ్ళీ నాకే వచ్చింది."

"బెల్లం రాజుగారిది. తిరుగుతూ ఉంటుంది."

"అది తిరిగింది. నేను పెరిగాను."

పదో దిమ్మతో తట్టలు సమమయ్యాయి. గానుగామె పక్కింటామె మడమల వంక చూసింది. తర్వాత తలెత్తి రాజుగారి మేడ వంక చూసింది. అక్కడివాళ్ళు ఒక్కరూ ఈ తట్ట ఎక్కలేదు. కడుపులో మంట తగ్గలేదు. ఇన్నాళ్ళూ తప్పు గుమ్మం ముందు మండిందంతే.

"సరిపోయింది. దిగి లోపలికి పో."

"దిగను. నేను కూర్చున్నంత కాలం ఇంకెవర్నీ తూచలేవుగా."

"వదినా! నీ కాలు..."

"కాలు నాదే. ఈ బరువు ఎవరిదో రాజుని చెప్పమను. ఎదుటి తట్టలో కూర్చుని చెప్పమను."

పక్కింటామె కొంగులోని జొన్నరొట్టె తీసి ఆమె ఒళ్ళో పెట్టింది. బొగ్గుముక్క వెతికి తెచ్చి, రాతి మీద రాజు మాట కింద రాసింది:

"తినిపించినవాడే తూచాలా? జవాబు ఆశ్వయుజ బహుళ చతుర్దశి, పొద్దు గూకేలోగా."