నూకాలు నడుమెత్తిన నాడు

గోదారికి ఇన్ని పాయలు పుట్టకముందు, కొంగలు ఇంకా నల్లగా ఉన్న రోజుల్లో, కాలువ పక్క ఊళ్ళో నూకాలు అనే నాట్ల కూలి ఉండేది. ఆమె నాటిందంటే చూడాలి! పొద్దున గట్టు దిగితే సాయంత్రానికి పచ్చదనం వెళ్ళి ఆకాశానికి తగిలేది. వెనక గెంతలేక కప్పలు ఆయాసపడేవి.

ఆ ఊరి నాట్లకి ఒక కట్టుబాటు. చాలు మధ్యలో నడుమెత్తకూడదు. ఎత్తితే పైరు పడిపోతుంది, ఊరు పస్తుంటుంది.

ఒక నాట్లకాలం, పడవ పేరయ్య తెరచాప ఎత్తి కాలువలో వచ్చాడు.

"నూకాలూ! ఒక్కసారి తలెత్తి చూడు. చూశావంటే, చాప దించేస్తా. నిన్ను మనువాడి ఇక్కడే ఉండిపోతా!"

నూకాలు గుండె ఎగిరింది. నడుము ఎగరలేదు.

"కదిలావో, ఊరి నోట్లో మట్టి కొట్టినట్టే!" అంది నాట్ల మేస్త్రి బుల్లెమ్మ.

గాలి అందుకున్న చాప ఆగుతుందా? పడవ వెళ్ళిపోయింది.

కొన్నేళ్ళకి మళ్ళీ అదే పడవ, అదే పిలుపు. "నూకాలూ! ఒక్కసారి తలెత్తి చూడు!" గుండె ఎగిరింది. నడుము ఎగరలేదు. పడవ వెళ్ళిపోయింది.

ఏళ్ళు గడిచాయి. వంచే కండ రోజూ పని తిని బలిసింది. నిలబెట్టే కండ అలిగి పడుకుంది. నూకాలు ఇంటికెళ్ళినా వంగే ఉండేది. ఆకాశాన్ని బురదనీళ్ళలోనే చూసుకునేది. అందులో చాప కోసం వెతుక్కునేది.

మూడోసారి పిలుపు దగ్గుతో కలిసి వచ్చింది. "నూకాలూ... తలెత్తవూ?"

"ఇంకేం లేస్తావులే అక్కా, కొడవలివైపోయావు!" అని నవ్వింది పక్క చాలు పిల్ల.

నూకాలు చేతిలో నారు వదిలేసింది.

"మోకాలా, లే!" తొడ కండ మోకు తాడులా బిగిసింది. కీళ్ళ పటపటలకి ఏడూళ్ళ కుక్కలు మొరిగాయి.

"నడుమా, లే!" వెన్నుకి అటూ ఇటూ కండలు జంట తాచుల్లా లేచాయి. గోదారి జానెడు వెనక్కి జరిగింది.

"మెడా, లే!"

మెడ లేచింది. పడవ అప్పటికే మలుపు తిరుగుతోంది. చాప కొస ఒక్కటే కనిపించింది. అది దిగిందో, మలుపు మింగిందో నూకాలుకే తెలుసు.

తాడిచెట్టులా నిలబడి చూస్తూనే ఉంది. పొద్దు గుంకేవేళ బుల్లెమ్మ వచ్చి భుజం తట్టింది. ప్రాణం లేదు. ఒళ్ళు మాత్రం వంగలేదు.

ఆ ఏడు గాలివానకి చుట్టూ పొలాలన్నీ పడుకున్నాయి. నూకాలు లేచిన మడిలో ఒక్క దుబ్బు ఒరగలేదు. బుల్లెమ్మ గట్టు మీద కూలబడి, "ఇన్నాళ్ళూ ఎందుకు వంచానే తల్లీ నిన్ను!" అని ఏడ్చింది.

ఇప్పటికీ అక్కడ చాలు సగానికి రాగానే, "మోకాలా లే! నడుమా లే! మెడా లే!" అంటూ అందరూ నిటారుగా లేస్తారు. లేచి కాలువ మలుపు వంక చూస్తారు. చాప పడవలు ఎప్పుడో పోయాయి. అయినా చూస్తారు. చూశాకే మళ్ళీ వంగుతారు.