రంపానికి నిమ్మకాయల కాపలా

తుమ్మలదిబ్బ అడవిలో జంబులింగం అనే నక్క ఉండేవాడు. పెరట్లో రేకుల షెడ్డు వేసి, అందులో కరెంటు రంపం పెట్టాడు. బల్ల మధ్యలోంచి గుండ్రటి పళ్ళచక్రం పైకి పొడుచుకొచ్చి ఉంటుంది. స్విచ్చి నొక్కితే గిర్రున తిరుగుతుంది. ఇక ఆ రోజు నుంచి ఆయనగారు మామూలు నక్కా? వడ్రంగి నక్క! ఆ షెడ్డులోంచి ఇంతవరకు బయటికొచ్చింది మాత్రం ఒక్క పీట. దాని మీద కూర్చున్నవాళ్ళంతా పక్కకి పడే లేచారు.

పనితనం ఎలా ఉన్నా తోక మాత్రం తోకే. గుబురుగా, రాగిరంగులో మెరిసిపోయేది. ఆ తోక చూసే సుందరమ్మ తండ్రి పిల్లనిచ్చాడు. అందుకే ఆవిడకి మొగుడి కంటే మొగుడి తోక మీద బెంగ ఎక్కువ.

"ఏమయ్యా, చక్రం మీద మూత ఉండాలిగా, ఏది?" అని అడిగింది దసరా పొద్దున.

"తీసి అటకెక్కించాను. అది ఉంటే పళ్ళు కనబడవే. వచ్చినవాళ్ళు ఏం చూస్తారు, మూతనా?"

"మరి చెయ్యి తగిలితేనో? తోక తగిలితేనో?"

"అందుకేగా నిమ్మకాయలు, మిరపకాయలు కట్టాను! పైగా ఇవాళ ఆయుధపూజ. పూజ చేసిన యంత్రం యజమానినే కరుస్తుందా?"

సుందరమ్మ ఆయన మొహంలోకి చూసింది. కళ్ళలో రంపంపొట్టు పడకుండా పెట్టుకోవాల్సిన అద్దాలు నుదుటి మీద ఉన్నాయి.

"ఆ అద్దాలేంటి అక్కడ? నుదుటికి చూపు తగ్గిందా?"

"ఊరుకోవే! ఫొటోల్లో నా కళ్ళు కనబడొద్దూ?"

పూజకి అడవంతా వచ్చింది. రంపానికి పసుపు, కుంకుమ, బారెడు బంతిపూల దండ. ముసలి ఎద్దు బసవయ్య ఆ చక్రాన్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"దీని మూతేది నాయనా?"

"మూతలు భయస్తులకి బాబాయ్! నువ్వు లోపలికి రా."

"నాకిక్కడే బావుంది," అన్నాడు బసవయ్య.

కోతి చిట్టిబాబు మాత్రం సెల్‌ఫోను పట్టుకుని బల్ల దాకా వచ్చేశాడు. "మామా, ఆ దండ రెండో కొస నీ తోకకి కట్టుకో. నువ్వూ రంపమూ ఒకే దండలో! వీడియో అదిరిపోతుంది!"

జంబులింగం ఉబ్బిపోయాడు. "నువ్వే కట్టరా అల్లుడూ," అని తోక చాపాడు.

"వద్దయ్యా, నీకు దణ్ణం పెడతాను!" అని సుందరమ్మ గోలపెట్టింది. "దారం చక్రానికి చుట్టుకుంటే తోక ఊడుతుంది!"

"శుభమా అని పూజ చేసుకుంటుంటే అవేం మాటలే!" అని విసుక్కుని స్విచ్చి నొక్కాడు.

చక్రానికి పండగేం తెలుసు? దారం అందింది, లాక్కుంది. బంతిరేకలు పైకప్పు దాకా లేచాయి. వాటి వెనకే జంబులింగం కూడా వెనక్కి వెనక్కి జారుతూ బల్ల మీదికి పోయాడు.

"అమ్మో! చచ్చాన్రోయ్! ఆపండర్రా!"

అందరూ అరిచారు. చిట్టిబాబైతే వీడియో కూడా ఆపలేదు. సుందరమ్మే ఒక్క గెంతు గెంతి వైరు పీకి పారేసింది. చక్రం ఆగేసరికి జంబులింగానికి ప్రాణం దక్కింది, తోక సగమే దక్కింది.

కట్టు కడుతూ సుందరమ్మ వలవలా ఏడ్చింది. "ఎంత చక్కటి తోకయ్యా! నీ నోరు పడిపోను, చెబితే విన్నావా?"

"నాదేం తప్పే?" అని మూలిగాడు జంబులింగం. "ఎవడి దిష్టో తగిలింది. నిమ్మకాయలు మరీ చిన్నవి అయిపోయాయి. రేపు గుమ్మడికాయ కట్టేస్తా."

సుందరమ్మ ఏడుపు ఠక్కున ఆగింది. లేచి అటక వైపు నడిచింది.

మర్నాడు జంబులింగం పెద్ద గుమ్మడికాయ మోసుకుంటూ, కుంటుకుంటూ షెడ్డులోకి వెళ్ళాడు. చక్రం మీద మూత బిగించి ఉంది. పైన నిమ్మకాయలు లేవు. వాటి చోట దారానికి ఆయన తోక ముక్క వేలాడుతోంది.

"ఓసి నీ దుంపతెగ! ఇదేం పనే? నలుగురూ చూస్తే నా పరువేం కాను?"

"దిష్టికే కట్టాను," అంది సుందరమ్మ. "నిమ్మకాయల్ని చూసి చక్రం భయపడలేదు. దీన్ని చూసి నువ్వైనా భయపడతావు. ఆ గుమ్మడికాయ ఇలా తే, పులుసు పెడతాను."

నీతి: యంత్రానికి బొట్టు పెట్టండి, ఎవరూ వద్దనరు, దానికంటే ముందు మూత పెట్టండి.