ఫిల్టర్ డబ్బా మీది పట్టీ

"కొత్త సామాను బిగించాక పాతదానితో మనకేం పని మేస్త్రీ?" అని ఏడుకొండలు అడిగాడు. ఒంగోలులో కార్ల షెడ్డు నడిపే మస్తాన్ మేస్త్రీ దగ్గర అతను కొన్నేళ్లుగా పని నేర్చుకుంటున్నాడు. అన్నీ వంటబట్టాయి గానీ, గురువుగారి పద్ధతి ఒకటి మాత్రం అతనికి మింగుడుపడలేదు. బండిలోంచి విప్పింది విరిగిన నట్టయినా సరే, చిరిగిన రబ్బరైనా సరే, ఆ బండి గేటు దాటేదాకా బల్ల మీద పరిచిన గోనెపట్టా మీదే ఉండాలి. ముడి కనిపిస్తే వేళ్లతో విప్పాలి, కొయ్యకూడదు. కొత్తదాన్ని ముందు ఒట్టి చేత్తో పెట్టి చూసి, అమరిందంటేనే స్పానర్ పట్టాలి. ఈ చాదస్తమంతా ఎందుకని అతని బాధ. ప్రశ్న వేసిన వెంటనే జవాబు చెప్పే అలవాటు మేస్త్రీకి లేదు. ఆ రోజు శుక్రవారం కూడాను. చేతులు కడుక్కుని, టోపీ జేబులో పెట్టుకుని, "నమాజుకు పోయొస్తా. నేనొచ్చేదాకా దేన్నీ ముట్టుకోకు" అని వెళ్లిపోయాడు.

ఆయన అటు వెళ్లాడో లేదో, దర్జీ బసవయ్య ఇటు వచ్చాడు. ఆయనకు కారు తోలడం రాదు. కొడుకు కారును పక్కింటాయన చేత తోలించుకొచ్చి, ఆయన్ని పంపించేసి, ఒళ్లో పసిపిల్లను పట్టుకున్నట్టు ఒక అట్టపెట్టె పట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. పెట్టెలో తళతళలాడే అల్యూమినియం గొట్టం, దాని కొసన ఎర్రటి ఫిల్టర్. ఇంజన్‌కు గాలి ఎక్కువ అందాలని కుర్రకారు కంపెనీ ఫిల్టర్ డబ్బా తీసేసి బిగించుకునే సరుకు అది.

"మా మణికంఠ తెప్పించుకున్నాడు బాబూ. పోయిన నెల జొరమొచ్చి పోయాడు. పార్శిల్ వచ్చేతలికి వాడు లేడు" అన్నాడు బసవయ్య. "ఇది పెడితే బండి గొంతే మారిపోద్ది నాన్నా అనేవాడు. ఆ చప్పుడు ఫోన్లో వినిపించడానికి కొట్లోకొచ్చేవాడు. నేను ఏ రోజూ మిషన్ ఆపి వినలా. ఇప్పుడన్నా ఒక్కసారి వినాలి."

ఏడుకొండలు మనసు కరిగిపోయింది. మేస్త్రీ వచ్చేలోపు ఈ పెద్దాయనకు ఆ చప్పుడు వినిపించాలనుకున్నాడు. జాలి మంచిదే. కానీ అతని జాలి తిన్నగా చేతుల్లోకి దిగి తొందరపాటుగా మారింది.

బానెట్ ఎత్తాడు. పాత నల్ల డబ్బా మూతకు ఒక క్లిప్పు విరిగిపోయి ఉంది. మూత ఊడకుండా ఎవరో చుట్టూ గుడ్డపట్టీ బిగించి ముడేశారు. జిడ్డు పట్టిన ముడి గోళ్లకు లొంగలేదు. బ్లేడు తీసి పట్టీని రెండు ముక్కలు చేశాడు. డబ్బానూ ముక్కల్నీ మూలనున్న తుక్కు కుప్పలోకి విసిరేశాడు. డబ్బా కూర్చునే ఇనుప కాలు ఒకటి గొట్టానికి అడ్డం వచ్చేలా కనిపిస్తే, హాక్సా రంపంతో దాన్నీ కోసేశాడు. గొట్టాన్ని చేతిలోకి తీసుకుని పెట్టి చూసింది ఆ తర్వాతే.

అది కుదరలేదు. కారు పేరు అదే గానీ, గొట్టం ఆ తర్వాత వచ్చిన మోడల్‌ది. దాని వంపు వెళ్లి బ్యాటరీకి తగులుతోంది. బ్యాటరీని పక్కకు నెట్టాడు. గాలిని కొలిచే సెన్సారు కొత్త కన్నంలో వదులుగా ఊగుతోంది. దానికి టేపు చుట్టాడు. తీరా అంతా అయ్యాక, ఫిల్టర్ నెత్తి తగిలి బానెట్ మూతపడలేదు. చెమట తుడుచుకుంటున్న అతని పక్కకు బసవయ్య వచ్చి నిలబడ్డాడు. కోసిన ఇనుప కాలు వంక చూసి, "కొలత తీసుకోకుండానే కత్తిరించావా బాబూ?" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. అందుకే ఏడుకొండలుకు తలెత్తబుద్ధి కాలేదు.

"ఒక్క నిమిషం, చప్పుడైతే వినండి" అని బానెట్ తెరిచే ఉంచి ఇంజన్ స్టార్ట్ చేశాడు. బసవయ్య కళ్లు మూసుకున్నాడు. ఇంజన్ ఒకసారి పైకి లేచింది, కిందికి జారింది, ఉక్కిరిబిక్కిరై ఆగిపోయింది. మళ్లీ తిప్పితే మళ్లీ అంతే. జొరంతో పోయిన పిల్లాడి తండ్రికి ఆ ఎగశ్వాస వినిపించినందుకు ఏడుకొండలు తనను తాను తిట్టుకున్నాడు.

"ఇదేనా బాబూ, వాడు వినమన్నది?"

"కాదండీ" అన్నాడు ఏడుకొండలు.

మేస్త్రీ వచ్చాడు. బండినీ, బసవయ్యనూ, శిష్యుణ్ణీ చూశాడు. జరిగింది విన్నాడు. తిట్టలేదు. తుక్కు కుప్ప దగ్గరికి వెళ్లి డబ్బానూ పట్టీ ముక్కల్నీ ఏరుకొచ్చి, దుమ్ము దులిపి గోనెపట్టా మీద పెట్టాడు. గొట్టం విప్పించాడు. తెగిన కాలికి వెల్డింగ్ పెట్టడానికి కూర్చున్నాడు. ఆ మిరుమిట్లు చూడలేక బసవయ్య బల్ల వైపు తిరిగాడు. పట్టీ ముక్క ఒకటి ఊరికే చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత రెండోదీ తీసుకున్నాడు.

ఖాకీ గుడ్డ రెండు మడతల మధ్య లంగాలకు వేసే ఎలాస్టిక్ పెట్టి కుట్టిన పట్టీ అది. కుట్టు వంకరటింకరగా పోయింది.

"ఇది మా కొట్లో గుడ్డే" అన్నాడు ఆయన. "వాడు మిషన్ మీద కూర్చుంది ఆ ఒక్క రోజే. ఏం కుడతన్నావురా అంటే చెప్పలా. దారం పాడుచేస్తన్నావని లేపేశా." ఆ కుట్టు మీద బొటనవేలు పెట్టి రాస్తూ రాస్తూ, నడి షెడ్డులో నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఏడుకొండలుకు ఏం చేయాలో తోచలేదు. "మీరే దర్జీ కదండీ, మళ్లీ కుట్టుకోవచ్చు" అనేశాడు.

"నేను కుడితే నా కుట్టవుద్ది బాబూ."

మేస్త్రీ పాత డబ్బాను దాని చోట్లో కూర్చోబెట్టాడు. పట్టీ ఉండాల్సిన చోట ఇనుప తీగ చుట్టి మెలిపెట్టాడు. బండి ఎప్పటిలాగే స్టార్ట్ అయింది, ఎప్పటి గొంతుతోనే. బసవయ్య కాసేపు విని తలూపాడు. గొట్టాన్ని అట్టపెట్టెలో సర్దుకున్నాడు. పట్టీ ముక్కలు రెండూ చొక్కా జేబులో వేసుకుని, పైన చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మేస్త్రీయే కారు తోలి ఆయన్ని ఇంటి దగ్గర దించి వచ్చాడు.

తిరిగి వచ్చేసరికి ఏడుకొండలు ఇంకా ఆ బల్ల ముందే కూర్చుని ఉన్నాడు. మధ్యాహ్నానికని తెచ్చుకున్న క్యారేజీ మూత కూడా తీయలేదు.

"నాకేం తెలుసు మేస్త్రీ, అది ఆ అబ్బాయి కుట్టిందని?"

మేస్త్రీ ఖాళీ గోనెపట్టాను ఎత్తి ఒకసారి దులిపాడు. దాన్ని మళ్లీ బల్ల మీద పరిచి, ముడతలు సర్దాడు.

"తెలీదనేగా ఉంచమంది" అన్నాడు.