జవాబు లేని లెక్క

రేగులపాడు పాలిటెక్నిక్ కాలేజీలో రెండో ఏడాది చదివే మస్తానమ్మకు తెలివికి కొదవ లేదు గానీ, తన మాటే నెగ్గాలనే మొండితనం పాలు కాస్త ఎక్కువ.

లెక్కల లెక్చరర్ ఆదిశేషయ్య గారు ప్రతి సోమవారం బోర్డు మీద నాలుగు అంకెలు రాసేవారు. వాటిని కూడి, తీసివేసి, గుణించి, భాగించి, ఎలాగైనా ఇరవై నాలుగు రాబట్టాలి. ఒక్కో అంకెనూ ఒక్కసారే వాడాలి, ఏదీ మిగలకూడదు. పిల్లలంతా కాగితాల మీద కుస్తీ పడుతుంటే, మస్తానమ్మ ల్యాబులో కూర్చుని, సాధ్యమైన దారులన్నీ వెతికే ప్రోగ్రామ్ రాసింది.

ఒక సోమవారం బోర్డు మీద 3, 3, 7, 7 ఉన్నాయి. ప్రోగ్రామ్ "జవాబు లేదు" అని చూపించింది. మస్తానమ్మ లేచి అదే మాట గట్టిగా చెప్పింది. ఆదిశేషయ్య గారు నవ్వారు. మూడును ఏడుతో భాగించి, దానికి ఇంకో మూడు కలిపి, మొత్తాన్ని ఏడుతో గుణించారు. ఇరవై నాలుగు వచ్చింది. క్లాసంతా గొల్లున నవ్వింది.

భాగహారం సరిగ్గా తెగకపోతే ఆ దారినే తన ప్రోగ్రామ్ వదిలేస్తోందని ఆమెకు సాయంత్రానికి తెలిసింది. మర్నాడు తనే బోర్డు దగ్గరికి వెళ్లి, "తప్పు నాదే. భిన్నాలు వదిలేశాను. ఇప్పుడు సరిచేశాను" అంది.

తర్వాతి సోమవారం 1, 1, 7, 7 వచ్చాయి. ప్రోగ్రామ్ మళ్లీ జవాబు లేదంది. ఈసారి మస్తానమ్మ తొందరపడలేదు. రెండు పేజీల నిండా చేత్తో చేసి చూసుకుంది. అప్పుడు లేచింది.

"జవాబు లేదు సార్."

"మళ్లీ మొదలుపెట్టావా? జవాబు నా నోట్సులో ఉంది" అన్నారు ఆదిశేషయ్య గారు. "క్షమాపణ చెప్పి కూర్చో. లేదంటే జిల్లా లెక్కల పోటీకి నీ పేరు పంపను."

పక్కనున్న స్నేహితురాలు చున్నీ పట్టుకుని లాగింది. "చెప్పెయ్యవే, నీ సొమ్మేం పోతుంది?"

"చెప్పను" అంది మస్తానమ్మ. కూర్చోలేదు. "పోయిన వారం తప్పు చేశాను సార్, ఒప్పుకున్నాను. ఈ వారం చెయ్యలేదు. చెయ్యని తప్పుకి క్షమాపణ చెప్పను. నా పేరు కొట్టేయండి. మీ జవాబు మాత్రం బోర్డు మీద రాయండి."

ఆయన విసురుగా రాశారు. ఏడును ఏడుతో గుణిస్తే నలభై తొమ్మిది. అందులోంచి ఒకటి తీసేస్తే నలభై ఎనిమిది. దాన్ని ఒకటీ ఒకటీ కలిపిన రెండుతో భాగిస్తే ఇరవై నాలుగు.

"ఒకట్లు లెక్కపెట్టండి సార్" అంది ఆమె.

మూడు ఉన్నాయి. ఇచ్చినవి రెండే.

ఆదిశేషయ్య గారు బోర్డు మీది ఒకట్లను వేలితో మళ్లీ లెక్కపెట్టుకున్నారు. "పదేళ్లుగా ఈ లెక్క ఇస్తున్నాను. ఒక్కరూ అడగలేదు" అన్నారు మెల్లగా. తను రాసింది తనే తుడిచి, పోటీకి వెళ్లేవాళ్ల జాబితాలో ఆమె పేరు మొదట రాశారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

పిల్లలూ, తప్పు చేసినప్పుడు ఒప్పుకోగలిగినవాళ్లకే, తప్పు లేనప్పుడు ఎంత పెద్దవారి ముందైనా వెనక్కి తగ్గకుండా నిలబడే బలం వస్తుంది.