పడవ అయిందా, నాయనా?

అనగా అనగా, గోదారమ్మ తనకు తోచిన దారినల్లా పారే కాలంలో, ఏటి నడుమ ఒక చిన్న లంక ఉండేది. అక్కడ నాలుగైదు గుడిసెల మధ్య పోలయ్య, అతని భార్య అప్పాయమ్మ, కూతురు రావులమ్మ కాపురముండేవారు.

ఆ ఏడు వరదకు లంకలోని పడవలన్నీ కొట్టుకుపోయాయి. రావులమ్మకేమో నెలలు నిండుతున్నాయి. మంత్రసాని ఉండేది అవతలి గట్టున! పోలయ్య ఇక ఆగలేదు. వాకిట్లోనే సొంతంగా పడవ కట్టడానికి కూర్చున్నాడు.

ఆ లంకలో ఒక కట్టుబాటుంది, పిల్లలూ. కట్టిన పడవను ఒడ్డునే ఉంచి, నిండా నీళ్లు పోసి, కారినచోటల్లా పీచు కూరి గుగ్గిలం పూయాలి. అందాకా "పడవ అయింది" అని నోట అనకూడదు. తొందరపడి అన్నవాళ్లు ఇద్దరున్నారు. వాళ్ల పడవలు దొరికాయి, వాళ్లు దొరకలేదు.

పలకలు బిగించిన మర్నాడు, తెల్లారేసరికి ఏటి మీద మంచు కమ్మేసింది. అందులోంచి ఒక అవ్వ నడిచొచ్చింది. చీరంతా నీళ్లోడుతోంది. అయినా కాళ్లకింద ఇసుక తడవడం లేదు!

"పడవ అయిందా, నాయనా?"

పోలయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. "లేదవ్వా. ఇంకా సందుల్లో పీచు కూరాలి."

అవ్వ నిట్టూర్చి మంచులోకి వెళ్లిపోయింది.

పోలయ్య పీచు కూరాడు, గుగ్గిలం కాచి పూశాడు, వేపనూనె పట్టించాడు. పడవ నిగనిగలాడిపోయింది. "ఓహో, పెళ్లికూతురిలా ఉందయ్యా!" అన్నారు ఇరుగుపొరుగు. పోలయ్య చెయ్యి మీసం మీదికి పోయింది. మనిషన్నాక ఆ మాత్రం ఉండదూ!

మళ్లీ మంచు, మళ్లీ అవ్వ. చల్లటి వేళ్లతో పలకలన్నీ నిమిరింది. "ఎంత ముద్దుగా ఉందో! అయిందా, నాయనా?"

అయిందన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. పోలయ్య మింగేశాడు. "లేదవ్వా. చుక్కాని పెట్టాలి. నీళ్లు పోసి చూడాలి."

చుక్కాని పెట్టాడు, కూర్చునే చెక్కలు వేశాడు, నీళ్లు పోసి చూశాడు. అంతా గట్టిగానే ఉంది గాని, వెనక పలక కింద నువ్వుగింజంత కంత! బొట్టుబొట్టుగా కారుతోంది. గుగ్గిలం చూస్తే చట్టిలో చుక్క లేదు. ఎక్కడైనా సంపాదించి రేపు పూద్దామనుకున్నాడు.

రేపటిదాకా ఆగితేనా! తెల్లవారుతూనే రావులమ్మకు నొప్పులొచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగింది. ఉన్నపళాన ఏరు దాటించకపోతే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు.

రావులమ్మను పడుకోబెట్టి పడవను నీళ్లలోకి తోయబోతే ఎదురుగా అవ్వ నిలబడింది.

"ఒక్కసారి 'అయింది' అను నాయనా. కళ్లు మూసి తెరిచేలోగా అవతలి గట్టున దింపుతాను."

"అనెయ్యవయ్యా! పిల్ల చచ్చిపోతోంది!" అని అప్పాయమ్మ గొల్లుమంది.

పోలయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా తల అడ్డంగా ఊపాడు. "కాలేదవ్వా. వెనక పలక కింద కంతుంది. మా ఆడది దాని పక్కనే కూర్చుని నీళ్లు తోడిపోస్తుంది. రావులూ, పడవలోకి నీళ్లొస్తాయి, బెదరకమ్మా."

అవ్వ మాయమైంది. పోలయ్య తెడ్డు వేశాడు.

నడిఏట్లో పడవ అడుగున గోళ్లు గీరిన చప్పుడు. ఒకటి కాదు, ఎన్నో చేతులు. "మేం అయిందన్నాం, పోలయ్యా..." అని నీళ్లకింద రెండు గొంతులు మూలిగాయి. వేళ్లు పలకా పలకా తడుముకుంటూ వచ్చి వెనక ఆగాయి.

"ఇక్కడేనా?" అంది అవ్వ గొంతు.

"అక్కడే అవ్వా," అన్నాడు పోలయ్య, తెడ్డు ఆపకుండా. అప్పాయమ్మ ముంతతో తోడిపోస్తోంది.

"దాచినదాన్ని పట్టుకునే లాగుతాను నేను. అంతా చెప్పేశావు, నాకేం మిగిల్చావురా?" అంటూ అవ్వ గొంతు అడుగుకు దిగిపోయింది. వేళ్లు ఒక్కొక్కటే పట్టు వదిలాయి.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి అవతలి గట్టున మంత్రసాని చేతుల్లో మనవరాలు కెవ్వుమంది, తల్లీ దక్కింది. పోలయ్య ఇసుకలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

తన పనిలో లోపాన్ని ఒప్పుకున్నవాడు దానికి కాపలా కాయగలడు. దాచుకున్నవాణ్ణి ఆ లోపమే ముంచుతుంది.