పొట్ట ఆనించని బింకుడు

అనగనగా, చెదపురుగులకు మాటలు వచ్చిన తొలిరోజుల్లో, ఒక ఎర్రమట్టి గుట్ట పక్కన పెద్ద పుట్ట ఉండేది. పృథులాంబ అనే మహారాణి ఆ పుట్టను ఏలేది. ఆమె పక్కకు ఒత్తిగిలాలంటే పరిచారికలంతా కలిసి తొయ్యాలి. అందుచేత ఆమె ఎప్పుడూ ఒకే పక్కకు పడుకుని రాజ్యం చేసేది.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఆ పుట్టలో పనివాళ్ళకు కళ్ళుండవు. మరి దారి ఎలా తెలుస్తుంది అంటారా? ఒక్కొక్కరికీ పొట్ట అడుగున, పొరల సందులో, కంటికి ఆననంత చిన్న వాసన తిత్తి ఉంటుంది. పొట్టను నేలకు ఆనించి నడిస్తే ఆ తిత్తి నొక్కుకుని, నేలమీద సన్నటి వాసన గీత పడుతుంది. వెనకవాళ్ళు మీసాలతో ఆ గీతను తడుముకుంటూ వస్తారు.

కాపలా భటుల సంగతి వేరు. వాళ్ళకు తలలో కూడా ఒక తిత్తి ఉంటుంది. శత్రువు వస్తే ముక్కుగొట్టంలోంచి జిగురు చిమ్ముతారు. వాకిట్లో కాపలా ఉండే జిగురన్న మంచివాడే గానీ, ముందు చిమ్మి తరువాత ఎవరని అడిగేవాడు.

ఆ ఏడు జడివాన కురిసి పుట్ట చుట్టూ ఉన్న పుల్లాపుడకా కొట్టుకుపోయింది. పాత దారుల వాసనలూ కడుక్కుపోయాయి. కొట్లు ఖాళీ అవుతూ వచ్చాయి.

పనివాళ్ళలో బింకుడని ఒకడున్నాడు. గాలిలో తేలివచ్చే వాసనను పట్టడంలో వాడి మీసాలకు సాటి లేదు. ఒకనాడు వాడు ఒంటరిగా పోయి, గుట్ట అవతల పడి ఉన్న మద్దిమానును కనిపెట్టి వచ్చాడు.

"నాయనా, దారి వేసి వచ్చావా?" అని అడిగింది మహారాణి.

"లేదు మహారాణీ. పొట్ట నేలకు రాసుకుంటూ రావడం నాకు నామోషీ. నేను నోటితో చెబుతాను, విని వెళితే చాలు. గుండ్రాయి దగ్గర ఎడమకు, ఎండిన పేడ దగ్గర కుడికి, ఆపైన తిన్నగా."

అందరూ బయలుదేరారు. ఆ గుట్ట దగ్గర గుండ్రాళ్ళకు కొదవా? తిరిగి తిరిగి, గొర్రెలకాపరి ఎవరో పారేసిన తోలుచెప్పును చేరారు. ఒక ముసలి చెద కొరికి చూసి, "మాను మంచిదే గానీ కాస్త సాగుతోంది" అంది.

పనివాళ్ళలో కుదురమ్మ అనే ఆమె వాకిట్లోంచే పొట్ట ఆనించి నడిచింది కాబట్టి సరిపోయింది. ఆమె గీత పట్టుకుని అందరూ ఆకలితోనే ఇల్లు చేరారు.

"మీకు వినడం చేతకాలేదు" అన్నాడు బింకుడు. "ఈసారి నేనే ముందు నడుస్తాను."

వాడు ఒళ్ళంతా అడవితులసి రసం పూసుకున్నాడు. "ఈ పరిమళం పట్టుకుని నా వెనకే రండి" అని, పొట్ట ఎత్తి దర్జాగా నడిచాడు. దారిలో అడవితులసి పొద ఒకటి అడ్డం వచ్చింది. వాసనంతా ఒకటే అయిపోయింది. ఆ ఘాటుకు బింకుడి మీసాలకే మాను వాసన అందలేదు. వరుస వరుసంతా ఆ పొద చుట్టూ తిరగసాగింది.

"ఈ ముందున్నవాడెవడో మరీ నత్తలా నడుస్తున్నాడు" అని విసుక్కున్నాడు బింకుడు. ఆ ముందున్నవాడు తన వరుసలో చిట్టచివరివాడే.

పొద్దు వాలేవేళకు మళ్ళీ కుదురమ్మ గీతే అందరినీ ఇంటికి చేర్చింది. బింకుడు అందరికంటే వెనక వాకిలి దగ్గరికి వచ్చాడు.

"ఎవరది?" అన్నాడు జిగురన్న.

"నేనే, బింకుణ్ణి."

"బింకుడి వాసన నాకు తెలుసు. నువ్వు తులసి కొమ్మవు" అంటూనే జిగురన్న చర్రున చిమ్మాడు. బింకుడు గడపకు అతుక్కుపోయాడు.

కుదురమ్మ వచ్చి ఆ జిగురును కొంచెం కొంచెంగా నాకి శుభ్రం చేస్తూ అడిగింది. "బింకన్నా, నిజం చెప్పు. నామోషీ ఒక్కటేనా?"

"దారి వేశాననుకో" అన్నాడు బింకుడు. "అందరూ వాళ్ళంతట వాళ్ళే పోతారు. ఇక నన్నెవరు పిలుస్తారు, చెల్లీ?"

కుదురమ్మ కోప్పడలేదు. "పొద్దున పసివాళ్ళు మేత కోసం నా మూతి దగ్గర మూతి పెట్టారు. అందించడానికి నా పొట్టలో ఏమీ లేదు. ఉందనుకుని ఇంకా అలాగే నిలబడ్డారు" అంది.

జిగురు వదలగానే బింకుడు తులసి వాసన పోయేదాకా మట్టిలో పొర్లి, మబ్బు పట్టిన మర్నాటి ఉదయం ఒక్కడే బయలుదేరాడు.

మాను దగ్గర నిలబడి మొదటిసారి పొట్ట నేలకు ఆనించాడు. ఏమీ రాలేదు. వాడక వాడక తిత్తి మూతి బిగుసుకుపోయింది. గట్టిగా నొక్కాడు. దగ్గాడు. ఒక రాయిమీద బోర్లా పడి ఊగాడు. అప్పుడు ఒక చుక్క వచ్చింది. దాని వెనక ఇంకో చుక్క. గరుకు రాళ్ళమీద, ముళ్ళమీద పొట్ట ఈడ్చుకుంటూ, ఒక్కచోటా గీత తెగకుండా వాకిలి దాకా వచ్చాడు.

"ఎవరది?" అన్నాడు జిగురన్న.

మళ్ళీ ఎక్కడ చిమ్ముతాడోనని బింకుడు కళ్ళు లేకపోయినా మొహం తిప్పుకున్నాడు. జిగురన్న ఈసారి వాసన చూసి, "ఓ, నువ్వా" అని దారి ఇచ్చాడు.

కుదురమ్మ మొదట గీతమీదికి దిగింది. ఆమె వెనక పదిమంది, వాళ్ళ వెనక పుట్టంతా. ఆ సాయంత్రానికే పసివాళ్ళ కడుపులు నిండాయి. పోయేవాళ్ళూ వచ్చేవాళ్ళూ తలా ఒక చుక్క వేయగా, సన్నటి గీత చిక్కటి బాట అయింది.

కొన్నాళ్ళకు బింకుడు ఆ బాటమీద ఒకచోట ఆగి, మీసాలు వాల్చి తన వాసన కోసం వెతికాడు. ఎంత వెతికినా విడిగా దొరకలేదు. వాడి గుండె చివుక్కుమంది.

అంతలో మానుపొట్టు మోసుకుంటూ వస్తున్న పనివాడొకడు వాణ్ణి ఢీకొట్టాడు.

"జరుగు నాయనా, దారికి అడ్డంగా నిలబడ్డావు. ఇది అందరూ నడిచే బాట."

బింకుడు జరిగాడు. 'అందరూ నడిచే బాట' అని మనసులో మరోసారి అనుకున్నాడు. చిత్రంగా, బాధ తగ్గింది. పొట్ట నేలకు ఆనించి, తన చుక్క తానూ వేస్తూ, ఆ పనివాడి వెనకే ఇంటికి నడిచాడు.

కాబట్టి పిల్లలూ, తనకు తెలిసిన దారిని దాచుకుంటే తానొక్కడే గొప్పవాడవుతాడు. వంగి పదిమందికీ వేసిపెడితే ఊరంతా బతుకుతుంది.